అద్దెకిచ్చిన ఇంటి మెట్ల మీద బయటి మనిషి పడితే బాధ్యత ఎవరిది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. రెండంతస్తుల ఇల్లు, కింద మీరు, పైన అద్దెకున్నవాళ్లు. పైకి వెళ్లడానికి బయటివైపు ఒకటే మెట్ల దారి. మెట్ల మలుపులో బల్బు కొన్నాళ్లుగా వెలగడం లేదు. ఎలక్ట్రీషియన్‌కి చెప్పారు, రేపు మాపు అంటూ అతను రాలేదు. పైవాళ్లకి పార్సెల్ ఇవ్వడానికి రాత్రిపూట వచ్చిన కుర్రాడు దిగేటప్పుడు పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని అన్నయ్య ఫోన్ చేసి ఆసుపత్రి ఖర్చు మీరే భరించాలంటున్నాడు. అద్దెవాళ్లేమో "ఇల్లు మీది కదా" అంటున్నారు, మీరు "వచ్చింది మీ కోసం కదా" అంటున్నారు. గేటుకి "లోపలికి వచ్చువారు తమ సొంత బాధ్యతపై రావలెను" అని బోర్డు ఉంది, అది కాపాడుతుందా అని కూడా అడిగారు.

ఇలాంటి దావాలు పడ్డవాళ్ల తరఫునా, యజమానుల తరఫునా చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇల్లు ఎవరి పేరు మీద ఉందో చూసి తేలిపోయిన కేసు మాత్రం ఒక్కటి కూడా నాకు తగల్లేదు. జడ్జి దస్తావేజు అడగడు. పడ్డ చోటు ఎవరి అదుపులో ఉంది, అక్కడ ప్రమాదం ఉందని వాళ్లకి తెలుసా, తెలిశాక ఏం చేశారు, ఇవీ అడుగుతాడు. మీరూ అద్దెవాళ్లూ వాదించుకుంటున్న "ఇల్లు ఎవరిది, మనిషి ఎవరి కోసం వచ్చాడు" అన్న రెండూ అసలు ప్రశ్నకి పక్కన ఉన్నవే.

మీరుండే చోటు రాయలేదు. చట్టం చోటుని బట్టి మారుతుంది. అయితే ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, ఇండియా లాంటి చోట్ల ఈ సూత్రాలన్నీ ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల మీద పెరుగుతూ వచ్చిన చట్టం) అనే ఒకే వేరు నుంచి వచ్చాయి. నేను ఆ వేరు గురించి చెప్పగలను. కొమ్మల సంగతి మీ దగ్గరి వకీలుని అడగండి.

మీ కథకి దాదాపు అచ్చంగా సరిపోయే కేసు ఒకటి ఇంగ్లండులో 1966లో అప్పటి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. వీట్ వర్సెస్ లేకన్ అంటారు. ఒక బీరు కంపెనీకి చెందిన పబ్బు, కింద వ్యాపారం, పైన మేనేజర్ కాపురం. పైగదుల్లో డబ్బు తీసుకుని అతిథులను ఉంచుకోవడానికి మేనేజర్‌కి కంపెనీ అనుమతి ఇచ్చింది. అలా దిగిన ఒకాయన పొద్దుగూకే వేళ వెనక మెట్ల మీద పడి చనిపోయాడు. చేత్తో పట్టుకునే కమ్మీ కింది మెట్టు దాకా లేదు, కాస్త పైనే ఆగిపోయింది. పైన ఉండాల్సిన బల్బు లేదు.

అందులో తీర్పు రెండు ముక్కలుగా వచ్చింది. మొదటిది: కంపెనీకీ అదుపు ఉంది, మేనేజర్‌కీ ఉంది, కాబట్టి ఇద్దరికీ జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత ఉంది. ఒకే మెట్లకి ఇద్దరు జవాబుదారులు ఉండొచ్చని కోర్టు తేల్చింది. "నేను కాదు, వాడు" అనే వాదన అక్కడితో బలహీనపడింది. రెండోది: అయినా పరిహారం పడలేదు. వెలుతురుంటే ఆ కమ్మీ పొట్టిదైనా ప్రమాదం కాదన్నారు. బల్బుని ఎవరో దారినపోయేవాడు అంతకు కాసేపటి ముందే తీసేసి ఉంటాడని, అలా జరుగుతుందని కంపెనీ ముందే ఊహించాల్సిన పని లేదని అన్నారు.

మీ విషయంలో మొదటి ముక్క మీకు అంటుకుంటుంది, రెండోది మాత్రం అందదు. ఎందుకంటే బల్బు "కొన్నాళ్లుగా" వెలగడం లేదని మీరే రాశారు. పైగా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ కూడా చేశారు. అంటే తెలుసు. ఈ "తెలుసు" అన్న మాట చుట్టూనే మీ కేసు మొత్తం తిరుగుతుంది.

మెట్లు ఎవరి అదుపులో ఉన్నాయో చెప్పడానికి ముందు అద్దె ఒప్పందం తీసి చదవండి. పైఅంతస్తు గదులు అద్దెకిచ్చారు సరే, మెట్లు కూడా ఇచ్చారా? సాధారణంగా ఇవ్వరు. అద్దెవాళ్లకి వాటి మీద నడిచే హక్కు ఉంటుంది, అంతే. బాగుచేయడం, ఊడ్పించడం, దీపం పెట్టించడం యజమాని చేతుల్లోనే ఉంటుంది. మెట్ల కరెంటు బిల్లు ఎవరి మీటర్‌లో వస్తోంది, ఇంతకుముందు బల్బు పోయినప్పుడు ఎవరు మార్చారు, టాంకు కడిగించినా సున్నం వేయించినా ఎవరు డబ్బిచ్చారు? కోర్టు చూసేవి ఇలాంటి చిల్లర సంగతులే. ఇవన్నీ మీవైపే ఉంటే మెట్లు మీ అదుపులో ఉన్నట్టే. ఒప్పందంలో "మెట్లతో సహా పైభాగం నిర్వహణ అద్దెదారుదే" అని స్పష్టంగా ఉండి, ఆచరణలోనూ వాళ్లే చేస్తూ ఉంటే మీకు కొంత ఊపిరి.

లోపలి గదుల లెక్క వేరు. అద్దెకిచ్చిన ఇంట్లో నేల కుంగి అద్దెదారు భార్యకి దెబ్బ తగిలితే, బాగుచేస్తానని మాటిచ్చిన యజమానికి కూడా ఆమె పట్ల బాధ్యత లేదని 1906లో కేవలియర్ వర్సెస్ పోప్ కేసులో తీర్పిచ్చారు. ఒప్పందం ఆమెతో కాదు కదా, భర్తతో అన్నారు! ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది. ఇంగ్లండులోనే 1972లో చట్టం తెచ్చి యజమాని మీద బాధ్యత పెట్టారు. పాత పుస్తకం పట్టుకుని ఎవరైనా "అద్దెకిచ్చాక యజమానికి సంబంధం లేదు" అని మీకు ధైర్యం చెబితే నమ్మకండి.

ఇక "వచ్చింది వాళ్ల కోసం కదా" అన్న మీ మాట. దీనికి 1866 నాటి కేసు చాలు. ఇండర్మార్ వర్సెస్ డేమ్స్. చక్కెర శుద్ధి చేసే కర్మాగారానికి గ్యాస్ పరికరం పరీక్షించడానికి వెళ్లిన పనివాడు, చుట్టూ కంచె లేని గోతిలాంటి షాఫ్టులోంచి కిందికి పడిపోయాడు. పని మీద వచ్చినవాడికి, యజమానికి తెలిసిన లేదా తెలిసి ఉండాల్సిన ప్రమాదం నుంచి తగినంత రక్షణ ఇవ్వాలని జస్టిస్ విల్స్ సూత్రం కట్టాడు. ఆ తర్వాత చాలాకాలం వచ్చినవాళ్లను మూడు రకాలుగా విడదీశారు: పని మీద వచ్చినవాడు, ఊరికే అనుమతితో వచ్చినవాడు, చొరబడ్డవాడు. మొదటివాడికి ఎక్కువ రక్షణ, చివరివాడికి దాదాపు ఏమీ లేదు. ఇంటికి భోజనానికి పిలిచిన చుట్టం రెండో రకంలోకి వచ్చేవాడు. అంటే కొళాయి బాగుచేయడానికి వచ్చినవాడి కంటే చుట్టానికి తక్కువ రక్షణ! ఈ విచిత్రాన్ని ఇంగ్లండు 1957 చట్టంతో తీసేసింది. అనుమతితో వచ్చినవాళ్లందరికీ ఒకే స్థాయి జాగ్రత్త చాలంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1968లో, ఆస్ట్రేలియా హైకోర్టు 1987లో, చొరబాటుదారుతో సహా ఈ గడులన్నీ పక్కనపెట్టి, ఆ పరిస్థితిలో మామూలు వివేకం ఉన్న మనిషి ఏం చేస్తాడన్నది చూడమన్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇప్పటికీ పాత మూడు గడులనే పట్టుకున్నాయి.

ఏ పద్ధతిలో చూసినా పార్సెల్ కుర్రాడు పై గడిలోనే ఉంటాడు. పని మీద వచ్చాడు, అందరూ నడిచే దారిలో నడిచాడు. పైకి మనుషులు వస్తూ పోతూ ఉంటారని తెలిసే మీరు పైభాగం అద్దెకిచ్చారు. అతన్ని మీరు ప్రత్యేకంగా పిలవక్కర్లేదు.

ఆ కాలిఫోర్నియా కేసు, రోలండ్ వర్సెస్ క్రిస్టియన్, మీరు కాస్త నిదానంగా వినాలి. ఒకామె ఇంట్లో బాత్రూం కొళాయి పింగాణీ పిడి పగిలి ఉంది. ఆమె అద్దెకుంటోంది. నెల ముందే ఇంటివాళ్లకి చెప్పింది, మార్చమని. ఇంటికి వచ్చిన అతిథికి మాత్రం చెప్పలేదు. అతను బాత్రూంకి వెళ్లి పిడి తిప్పితే అది చేతిలో విరిగి నరాలు తెగాయి. కింది కోర్టు కేసు కొట్టేసింది, సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. ప్రమాదం తెలిసీ, అతనికి తెలియదని తెలిసీ, ఒక్క మాట చెప్పకుండా ఊరుకోవడం నిర్లక్ష్యమేనంది. ఇక్కడ గమనించండి, ఆమె అద్దెదారే. మీ పైవాళ్లకీ బల్బు సంగతి తెలుసు, పార్సెల్ ఆర్డరు పెట్టిందీ వాళ్లే, ఫోన్లో "మలుపు దగ్గర చీకటి, చూసుకుని రా" అనొచ్చు, టార్చి పట్టుకుని గుమ్మం దాకా రావొచ్చు. కాబట్టి "ఇల్లు మీది" అని వాళ్లు చేతులు దులుపుకుంటే కుదరదు. నేను మీ తరఫున ఉంటే వాళ్లను కూడా దావాలో పార్టీగా చేర్చమంటాను. కానీ అది బరువు పంచుకోవడానికే, దించుకోవడానికి కాదు.

బోర్డు. ఇది చాలామంది నమ్ముకునే తాయెత్తు. రోల్స్ వర్సెస్ నేథన్ అనే 1963 కేసులో ఇంగ్లండు జడ్జి లార్డ్ డెన్నింగ్ ఒక పోలిక చెప్పాడు. ఇంటి ముందు నది ఉంది, దాటడానికి ఒకటే వంతెన, అది పుచ్చిపోయింది. "ఈ వంతెన ప్రమాదకరం" అని బోర్డు పెడితే సరిపోదు, వచ్చినవాడికి దాని మీద నడవక తప్పదు కనక. పక్కనే ఇంకో మంచి వంతెన ఉంటే అప్పుడు ఆ బోర్డుకి విలువ. మీ ఇంటికి ఒకటే మెట్ల దారి. ఇంకా మీ బోర్డు వంతెన బోర్డు కంటే హీనం, అందులో ప్రమాదం ఏమిటో కూడా లేదు. ఎవడైనా చదివి ఏం జాగ్రత్తపడాలి? దాని బదులు మెట్ల మొదట్లో అట్టముక్క మీద "మలుపులో లైటు లేదు, ఫోన్ లైటు వేసుకోండి" అని మీరు చేత్తో రాసి అంటించి ఉంటే మీ వాదన ఇప్పుడు ఎంతో గట్టిగా ఉండేది. వ్యాపారం చేసే చోటైతే ఇంగ్లండు 1977 చట్టం ఇంకా ఖరాఖండిగా ఉంటుంది: నిర్లక్ష్యం వల్ల కలిగిన చావుకీ దెబ్బలకీ బాధ్యత లేదని బోర్డు పెట్టినా, కాగితం మీద సంతకం చేయించుకున్నా చెల్లదు.

ఒకసారి ఒక దుకాణం తరఫున వాదించాను. "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అన్న పసుపు పచ్చ స్టాండు పెట్టామని మావాళ్లు గొప్పగా ఫోటో ఇచ్చారు. ఎదుటి వకీలు అదే చోట ఆరు నెలల కింద తీసిన ఫోటో చూపించాడు. స్టాండు అక్కడే ఉంది, నేల పొడిగా ఉంది. ఏడాది పొడుగునా ఉండే హెచ్చరిక హెచ్చరిక కాదు, సామాను. ఓడిపోయాం.

ఎలక్ట్రీషియన్‌కి చెప్పానన్నది మీకు ఎంత పనికొస్తుంది? ఇక్కడ రెండు పాత కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలుస్తుంది. 1941లో హేజెల్‌డీన్ వర్సెస్ డా: లిఫ్టుని అనుభవం ఉన్న ఇంజనీర్ల కంపెనీకి అప్పగించారు, వాళ్లు సరిగ్గా చేయక లిఫ్టు పడిపోయింది. భవనం యజమాని బయటపడ్డాడు. లిఫ్టు లోపలి సంగతి అతనికేం తెలుసు, తెలిసినవాళ్లను పెట్టడమే అతను చేయగలిగింది. 1945లో వుడ్‌వర్డ్ కేసు: బడిలో మంచు పట్టిన మెట్టు మీద పిల్లవాడు జారిపడ్డాడు, శుభ్రం చేసే మనిషి సరిగ్గా చేయలేదు. అక్కడ తప్పించుకోనివ్వలేదు. మెట్టు మీది మంచు ఊడ్చారో లేదో చూడడానికి ఇంజనీరు అక్కర్లేదు కదా అన్నారు. మీ బల్బు లిఫ్టు కాదు, మెట్టే. వైరింగులో లోపం ఉంటే ఎలక్ట్రీషియన్ కోసం ఆగాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ అంతవరకు బ్యాటరీ లైటు ఒకటి మేకుకి తగిలించొచ్చు. "ఫోన్ చేశాను" అన్నది మీకు తెలుసని రుజువు చేస్తుంది. తెలిశాక చేసినదానికి మాత్రం చాలా బలహీనమైన రుజువు. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, బాధ్యత తీసుకుని ఫోన్ చేసినందుకే ఇరుక్కున్నామా అని. ఫోన్ చేయకపోయినా అంతే జరిగేది, తెలిసి ఉండాల్సిందని అనేవాళ్లు. రోజూ మీ గుమ్మం ముందున్న మెట్లు కదా.

తెలిసి ఉండాల్సింది అనేది ఎక్కడిదాకా సాగుతుందో చెప్పడానికి ఇండియా సుప్రీంకోర్టు తీర్పులు రెండున్నాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం 1951లో కూలి కొందరు చనిపోయారు. దానికి దాదాపు 80 ఏళ్లు, ఆ సున్నం కట్టడం ఆయుష్షు 40, 45 ఏళ్లేనని సాక్ష్యం వచ్చింది. పైకి పగుళ్లు కనబడలేదన్న మున్సిపాలిటీ వాదనని 1966లో కోర్టు తోసిపుచ్చింది. అంత పాతదాన్ని పరీక్ష చేయించకపోవడమే తప్పు, అది కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యం అంది. రాజ్‌కోట్‌లో మాత్రం రోడ్డు పక్క చెట్టు కూలి మనిషి చనిపోతే 1997లో కార్పొరేషన్‌ని బాధ్యురాలిని చేయలేదు. ఊళ్లో ప్రతి చెట్టునీ నిత్యం పరీక్షించమనలేం అంది. నాకు ఈ రెండో తీర్పు అంతగా నచ్చదు, అది వేరే సంగతి. మీ బల్బు మాత్రం గడియార స్తంభంవైపే మొగ్గుతుంది.

కుర్రాడి తప్పు ఏమీ లేదా? ఉండొచ్చు. ఎక్కేటప్పుడే చీకటి చూశాడు, చేతిలో ఫోన్ ఉంది, లైటు వేసుకోలేదు. రెండేసి మెట్లు దిగాడేమో. ఒకప్పుడు ఇంగ్లండులో గాయపడ్డవాడి తప్పు కాస్త ఉన్నా చేతికి చిల్లిగవ్వ వచ్చేది కాదు. 1945 చట్టంతో అది మారి, అతని తప్పు ఎంత పాలో పరిహారంలో అంత కోసేస్తారు. చాలా చోట్ల ఇప్పుడు ఇదే పద్ధతి. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరొలైనా, వర్జీనియా మాత్రం పాత కఠినమైన నియమాన్నే ఉంచుకున్నాయి. మీకు నిజంగా పనికొచ్చే వాదన ఇదే. బోర్డుని, "వాళ్ల కోసం వచ్చాడు"ని వదిలేసి దీన్ని పట్టుకోండి. అయితే అతను పనిలో ఉన్నాడని, ఆలస్యమైతే చీవాట్లు పడతాయని జడ్జికీ తెలుసు. మరీ ఎక్కువ కోత ఆశించకండి. పనిలో ఉండగా దెబ్బ తగిలింది కనక అతని యజమాని నుంచి కూడా ఏదైనా రావొచ్చు, వాళ్లు కట్టింది తర్వాత మీ దగ్గర రాబట్టే వీలు కొన్నిచోట్ల ఉంటుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. బల్బు మార్చండి, ఈ రాత్రే. మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడుతున్నారని మీ ప్రశ్న చివరి వాక్యం బట్టి అనిపించింది. కాదు. ప్రమాదం తర్వాత బాగుచేసుకున్నంత మాత్రాన ముందు నిర్లక్ష్యం చేసినట్టు కాదని బ్రామ్‌వెల్ అనే జడ్జి 1869లోనే చెప్పాడు. లోకం పెద్దదయ్యే కొద్దీ తెలివి తెచ్చుకుంటుంది, అందుకని అంతకుముందు అది మూర్ఖురాలని అనలేం అన్నది ఆయన మాటల సారం. అమెరికా ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 407వది కూడా ఇదే చెబుతుంది. మార్చకుండా వదిలేసి రేపు ఇంకొకరు పడితే మాత్రం మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు. మార్చే ముందు పగలొకటి, రాత్రొకటి ఫోటోలు తీయండి, కాలిపోయిన బల్బు పారేయకండి.

ఇంటికి బీమా ఉంటే పాలసీ తీసి, బయటివాళ్లకి జరిగే నష్టం గురించిన భాగం ఉందేమో చూడండి. ఉంటే బీమా కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఆలస్యమైతే అదే సాకు చేసుకుంటారు. వాళ్లకి చెప్పకుండా మీరు రాజీ పడినా అంతే.

అన్నయ్య ఫోన్ ఎత్తండి. చాలామంది వకీళ్లు ఎత్తొద్దంటారు, నేను అలా చెప్పను. కుర్రాడు ఎలా ఉన్నాడని అడగడం తప్పు ఒప్పుకోవడం కాదు. "తప్పంతా మాదే" అని మాత్రం అనకండి, మెసేజిలో అసలే వద్దు. బీమా లేకపోతే, లేదా బీమావాళ్లు సరేనంటే, ఖర్చులో కొంత ఇప్పుడే ఇవ్వండి. బాధ్యత ఒప్పుకోకుండా, మానవత్వంతో ఇస్తున్నట్టు కాగితం మీద రాసి, చివరికి తేలే మొత్తంలో ఇది కలుస్తుందని చేర్చి సంతకం తీసుకోండి. నేను చూసిన దావాల్లో సగం డబ్బు కోసం వేసినవి కావు, ఫోన్ ఎత్తలేదన్న కోపంతో వేసినవి. గడువు చూస్తే ఇంగ్లండులో 3 ఏళ్లు, కాలిఫోర్నియాలో 2 ఏళ్లు. ఇప్పుడు నోటీసు రాలేదని ధీమాగా ఉండకండి.

మీరు అడగలేదు కానీ, పైవాళ్లకి చిన్నపిల్లలున్నారని రాశారు కనక ఒక మాట. పిల్లల విషయంలో కోర్టు కొలబద్ద మారిపోతుంది. 1922లో గ్లాస్గో తోటలో ఏడేళ్ల పిల్లవాడు నిగనిగలాడే విషపు పళ్లు తిని చనిపోతే, బాధితులు పెద్దవాళ్లైతే పనికొచ్చే వాదనేదీ నిలబడలేదు. మీ డాబా మీద నీళ్ల టాంకుకి మూత లేకపోతే, పిట్టగోడ పొట్టిగా ఉంటే, బల్బుతో పాటు ఆ పనీ చేయించండి.

నా అంచనా అడిగారు కనక చెబుతున్నాను: దావా పడితే ప్రధాన బాధ్యత మీ మీదకి, కొంత అద్దెవాళ్ల మీదకి వస్తుంది, కుర్రాడి వాటా కింద కొంత తగ్గుతుంది. నేనైతే ముగ్గురినీ కూర్చోబెట్టి బయటే తేల్చుకోమంటాను. దీన్ని ఇంకాస్త కచ్చితంగా చెప్పాలంటే రెండు విషయాలు కావాలి. అద్దె ఒప్పందంలో మెట్ల గురించి ఏం రాసుకున్నారో ఆ వాక్యం ఉన్నది ఉన్నట్టు రాయండి. పైవాళ్లు బల్బు పోయిందని మీకు మొదటిసారి ఎప్పుడు చెప్పారో, నోటితోనా మెసేజిలోనా, అదీ రాయండి. ఆ తేదీకీ కుర్రాడు పడిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయన్నదాన్ని బట్టి నా లెక్క మారుతుంది.